పెద్దపేగుకు పెట్టే మేత: ప్రీబయోటిక్ పీచు, కరిసల్ సీమ తిండి

మనం తినే ప్రతి కూటికీ రెండు బంతులు లేస్తాయి. మొదటి బంతి మనది. చిన్నపేగు తనకు చేతనైనంత అరిగించుకుని, చేతకానిదాన్ని కిందికి వదిలేస్తుంది. రెండో బంతి పెద్దపేగులో కాపురముండే బ్యాక్టీరియాది. వాటి విస్తట్లో పడేవాటిలో ముఖ్యమైనది పీచు. అయితే పీచంతా ఒకటి కాదు. మేలుచేసే జాతులు ఏరుకుని తినగలిగి, అవి తిన్నందువల్ల మనిషికి కూడా ఆరోగ్యం చేకూర్చే రకాన్నే ప్రీబయోటిక్ అంటారు.

తమిళనాడు దక్షిణాన కడంబూరు, కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టూ పరుచుకున్న నల్లరేగడిని తమిళంలో కరిసల్ అంటారు. వానే ఆధారమైన నేల అది. కంబు (మన సజ్జ), జొన్న, ఊదలు, మినుము, పెసర, పత్తి అక్కడి పంటలు. విజయనగర, నాయక రాజుల కాలంలో వలస వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఈ సీమలో ఊళ్ళకు ఊళ్ళే కట్టుకున్నాయి. కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకులు, అరుంధతీయులు ఇలా ఎందరి ఇళ్ళలోనో నేటికీ తెలుగే మాట. కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసెవల్‌లో పుట్టి, కరిసల్ జీవితాన్ని తమిళ సాహిత్యంలోకి తెచ్చిన కి. రాజనారాయణన్ ఇంటిభాష కూడా తెలుగే. ఆయన ‘గోపల్ల గ్రామం’ నవల ఆ వలస కథే. ప్రీబయోటిక్ అనే మాట పుట్టకముందే దానికి సరిపోయే వంట ఈ సీమలో ఉండేది కాబట్టి, ఈ వ్యాసానికి ఉదాహరణ అక్కడినుంచే.

మాట ఎలా పుట్టింది

పీచును చాలాకాలం చొప్పకింద లెక్కగట్టారు. ఒంటికి పట్టేది కాదు, కడుపు నింపి బయటికి పోయేది, అంతే. ఆహారపు పీచు అనే అర్థంలో ‘డైటరీ ఫైబర్’ అన్న మాటను 1953లో హిప్స్‌లీ మొదట వాడాడు. ఉగాండాలో పనిచేసిన శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్, వైద్యుడు హ్యూ ట్రోవెల్ దానికి ప్రాచుర్యం తెచ్చారు. ఆఫ్రికా పల్లెల్లో మలబద్ధకం, పెద్దపేగు జబ్బులు అరుదుగా ఉండటం చూసి, అక్కడి తిండిలోని పీచే కారణమై ఉంటుందని 1970లలో వాదించారు. వాళ్ళ దృష్టి ఎక్కువగా మలం పరిమాణం మీద, అది కదిలే వేగం మీద ఉంది. ఆ పీచును లోపల ఎవరు తింటున్నారన్న ప్రశ్న తరువాతి తరానిది.

ఆ ‘ఎవరు’లో ఒకటి అప్పటికే దొరికింది. 1899లో పారిస్ పాస్టర్ సంస్థలో హెన్రీ టిస్సియే, చనుబాలు తాగే పిల్లల మలంలో కొన చీలిన కడ్డీలాంటి బ్యాక్టీరియాను గుర్తించాడు. అదే బిఫిడోబ్యాక్టీరియం. తల్లిపాలలో కొన్ని చక్కెర గొలుసులుంటాయి. పసివాడు వాటిని అరిగించుకోలేడు. లీటరు పాలలో 5 నుంచి 15 గ్రాముల దాకా ఉండే ఈ చక్కెరలు బిడ్డ కోసం కాదు, బిడ్డ పేగులో పెరగాల్సిన బిఫిడోల కోసం. తల్లి ఒక్క రొమ్ముతో ఇద్దరికి పాలిస్తుందన్నమాట. ప్రకృతిలో ప్రీబయోటిక్‌కు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు.

1995లో గ్లెన్ గిబ్సన్, మార్సెల్ రోబర్‌ఫ్రాయిడ్ ‘ప్రీబయోటిక్’ అన్న పేరు పెట్టారు. 2017లో ఈ రంగంలోని శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం దానిని తిరగరాసి, మన ఒంటిలోని సూక్ష్మజీవులు ఎంపికచేసుకుని వాడుకుని ఆరోగ్యానికి మేలుచేసే పదార్థమని విశాలం చేసింది. ప్రోబయోటిక్ వేరు. అది బతికున్న సూక్ష్మజీవి, ప్రీబయోటిక్ దాని మేత. మందుల దుకాణంలో రెండూ పక్కపక్కనే ఉండి, పేర్లు కూడా ఒకే తీరున ఉండటంతో జనం కలిపేస్తుంటారు.

పెద్దపేగులో జరిగే పని

సగటు మనిషి ఒంట్లో దాదాపు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో వేసిన లెక్క. మొత్తం బరువు చూస్తే పావుకిలో కూడా రాదు. వీటిలో అత్యధికం పెద్దపేగులోనే. తిండిలోని పిండిపదార్థాలను విడగొట్టే ఎంజైములు మనిషి జన్యువుల్లో దాదాపు 17 మాత్రమే. బాక్టిరాయిడిస్ థెటాయోటావోమైక్రాన్ అనే ఒక్క జాతి దగ్గరే అలాంటివి 260కి పైగా ఉన్నాయి. మన దగ్గర నాలుగు తాళంచెవులుంటే, దాని మొలకు గుత్తులు వేలాడుతున్నాయి.

పశువును చూస్తే ఈ పని తేలిగ్గా అర్థమవుతుంది. ఆవు గడ్డి తింటుంది కానీ గడ్డిని అరిగించేది ఆవు కాదు. దాని మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి, ఆవు వాటిమీద బతుకుతుంది. మనిషికీ అలాంటి పులిసే కుండ ఒకటుంది. కాకపోతే ఆవుకు ముందున్నది మనకు వెనక ఉంది, కొలతలోనూ చిన్నది. ఆవుకు కావలసిన శక్తిలో సింహభాగం ఈ ఆమ్లాల నుంచే వస్తుంది. మనకు పదోవంతో అంతకు తక్కువో.

ఆ ఆమ్లాలు ప్రధానంగా మూడు: ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్. ఎసిటేట్ రక్తంలో కలిసి ఒంటికంతా చేరుతుంది. ప్రొపియొనేట్‌ను ఎక్కువగా కాలేయం పట్టుకుంటుంది. బ్యూటిరేట్ దూరం వెళ్ళదు. పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు అదే ముఖ్యమైన కూడు. అవి తమకు కావలసిన శక్తిలో చాలాభాగం దానినుంచే తీసుకుంటాయి. తిండిగానే కాక సంకేతంగా కూడా అది పనిచేస్తుంది. పేగు గోడలోని రోగనిరోధక కణాల్లో, గొడవను అణిచే రకాన్ని బ్యూటిరేట్ పెంచుతుందని 2013లో ఎలుకల మీద రెండు పరిశోధక బృందాలు దాదాపు ఒకేసారి చూపించాయి. ఈ ఆమ్లాల వల్ల పేగులోపల పులుపు పెరిగి, హానిచేసే జాతులు కొన్ని పెరగలేవు. కాల్షియం ఒంటికి పట్టడం మెరుగవుతుంది.

బ్యూటిరేట్‌కు ఆ పేరు వెన్న నుంచే వచ్చింది. ఆ సంబంధం పట్టుకుని, నెయ్యి తాగితే పెద్దపేగుకు బ్యూటిరేట్ అందుతుందని చెప్పేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. నెయ్యిలో అది కొద్దిగా ఉన్నమాట నిజమే. కానీ పెద్దపేగు దాకా రాకముందే చిన్నపేగు దాన్ని పీల్చేసుకుంటుంది. నెయ్యి రుచికోసం వేసుకోవచ్చు. పేగు కణాలకు కావలసిన బ్యూటిరేట్ మాత్రం అక్కడికక్కడే తయారుకావాలి.

ఏ ఒక్క జాతీ ఈ పనంతా చేయదు. పిండిని కొరికేది ఒకటి, కొరకగా రాలినదాన్ని ఏరుకునేది ఇంకొకటి. అరగని పిండిని మొదట విడగొట్టడంలో రూమినోకాకస్ బ్రోమీది పైచేయి. బిఫిడోలు చక్కెర గొలుసులు తిని ఎసిటేట్, లాక్టేట్ వదులుతాయి. ఫీకాలిబ్యాక్టీరియం, రోజ్‌బూరియా, యూబాక్టీరియం రెక్టాలే వంటివి ఆ ఎసిటేట్‌ను అందుకుని బ్యూటిరేట్ చేస్తాయి. అందుకే బిఫిడోలు స్వయంగా బ్యూటిరేట్ చేయకపోయినా, వాటికి మేత వేస్తే బ్యూటిరేట్ పెరుగుతుంది.

మేత వేయకపోతే అవి ఊరుకోవు. పీచు లేని తిండి పెట్టిన ఎలుకల్లో, బ్యాక్టీరియా పేగు గోడను కాచే జిగురుపొరనే తినడం మొదలుపెట్టి దాన్ని పలచబరిచాయని 2016లో తేలింది. పొయ్యిలోకి కట్టె దొరక్క ఇంటి వాసం పీక్కున్నట్టు.

కంబు, సంగటి, చిన్న ఉల్లి

రైల్లో మదురై నుంచి తిరునెల్వేలి వైపు పోతుంటే కోవిల్‌పట్టి దాటాక, వాంచి మణియాచ్చి రాకముందు కడంబూరు వస్తుంది. ప్రయాణికులకు ఆ పేరుతో గుర్తొచ్చేది పోళి, అంటే మన బొబ్బట్టుకు తోబుట్టువు. కోవిల్‌పట్టి అనగానే కడలై మిఠాయి, వేరుశనగ, బెల్లంతో చేసేది, 2020లో భౌగోళిక గుర్తింపు పొందింది. విరుదునగర్ అనగానే నూనెలో వేగిన పరోటా. ఇవన్నీ బజారు పేర్లు. కరిసల్ సీమ ఇంటి తిండి ఇవి కావు.

ఇంటి తిండి కంబు. నానబెట్టి, దంచి, పొట్టు చెరిగి, నూకను ఉడికించి సంగటి చేసేవారు. సంగటి ముద్దలను కుండలో నీళ్ళు పోసి ఉంచితే రాత్రంతా కొద్దిగా పులిసేది. పొద్దున దాన్ని పిసికి, మజ్జిగ, ఉప్పు కలిపి కూళ్‌గా తాగి పొలానికి వెళ్ళేవారు. నంజుకోవడానికి చిన్న ఉల్లి, ఊరమిరపకాయ, గోరుచిక్కుడు వడియం. మధ్యాహ్నానికి జొన్న సంగటి, పప్పో పులుసో. వరి అన్నం పండగలకూ చుట్టాలకూ. తెలుగు సీమలో సజ్జ అంబలి, జొన్న సంకటి తిన్నవారికి ఈ వంట కొత్తదేమీ కాదు, పేర్లే కాస్త మారతాయి.

ఈ గిన్నెను పేగు బ్యాక్టీరియా వైపు నుంచి చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చువేసిన ఆహార పట్టికల్లో 100 గ్రాముల సజ్జలో 11.5 గ్రాముల పీచు ఉంది. రాగిలో 11.2, జొన్నలో 10.2. పాలిషు పట్టిన బియ్యంలో 2.8. మైదాదీ దాదాపు అంతే. అంటే రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకునే మనిషికి అన్నం ద్వారా వచ్చేది ఎనిమిది గ్రాముల చిల్లర, అంతే సజ్జ వండుకుంటే 34 గ్రాములు. పెద్దవాళ్ళకు రోజుకు కనీసం 25 గ్రాములు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. పప్పులు ఇంకా పైన ఉంటాయి: పొట్టుతో ఉన్న మినుములు 20.4, పెసలు 17, శనగలు 25.2.

మొత్తం లెక్క కంటే రకాలు ముఖ్యం. సజ్జ, జొన్న గింజల కణగోడల్లో ప్రధానంగా ఉండేది అరాబినోజైలాన్. ఇది కొమ్మలు కొమ్మలుగా అల్లుకున్న చక్కెర గొలుసు. దీన్ని విప్పడానికి సమయం పడుతుంది. అందుకే తడికట్టెలా మెల్లగా కాలుతూ పెద్దపేగు చివరిదాకా వెళ్తుంది. చిన్న ఉల్లిలో, వెల్లుల్లిలో ఉండే ఫ్రక్టాన్లు ఇందుకు తలకిందులు. ఉల్లి తన శక్తిని పిండిగా కాక ఫ్రక్టోజు గొలుసులుగా దాచుకుంటుంది. వాటిలో పేరున్నది ఇనులిన్, 1804లో ఒక జర్మన్ శాస్త్రవేత్త ఇనులా అనే మొక్క వేరులో కనుక్కున్నది. బిఫిడోలకు ఇది ప్రాణం. పెద్దపేగు మొదట్లోనే ఎండుగడ్డిలా భగ్గుమని అయిపోతుంది. పప్పుల్లో ఉండే రాఫినోజు, స్టాకియోజుల సంగతీ అంతే. వాటిని విడగొట్టే ఎంజైము మనిషి పేగులో లేదు. కింద బ్యాక్టీరియా తిని గాలి వదులుతాయి, అందరికీ తెలిసిన సంగతి.

ఇక సంగటిని రాత్రంతా ఉంచడం. ఉడికిన పిండి చల్లారినప్పుడు దాని గొలుసులు తిరిగి దగ్గరకు చేరి గట్టిపడతాయి. అలా గట్టిపడిన పిండిలో కొంత చిన్నపేగు ఎంజైములకు లొంగదు. 1980ల తొలినాళ్ళలో హాన్స్ ఇంగ్లిస్ట్ అనే శాస్త్రవేత్త, పీచును కొలవబోయి ఈ మొండి పిండిని గుర్తించి ‘రెసిస్టెంట్ స్టార్చ్’ అని పేరు పెట్టాడు. ఇక్కడ దాన్ని అరగని పిండి అందాం. గింజ పొట్టులో చిక్కుకున్నది, పచ్చి అరటికాయలో లాగా సహజంగానే మొండిగా ఉన్నది, వండి చల్లార్చినది ఇలా దానిలో రకాలున్నాయి. చద్దన్నంలో, చల్ది సంగటిలో మూడోరకం ఉంటుంది. పరిమాణం మరీ ఎక్కువేం కాదు. చద్దన్నంతో అన్ని జబ్బులూ పోతాయని చెప్పేవాళ్ళ మాట నమ్మనక్కరలేదు కానీ, రోజూ తినేదానిలో కొద్దికొద్దిగా చేరేదానికి లెక్క ఉంటుంది.

కుండలో పులియడం వల్ల పుల్లబెట్టే బ్యాక్టీరియా కూడా కూళ్‌లో చేరతాయి, మజ్జిగ ఇంకొన్నిటిని తెస్తుంది. మేతా మందా రెండూ ఒకే చెంబులో. స్టాన్‌ఫర్డ్‌లో 2021లో వెలువడిన ఒక అధ్యయనం ఇక్కడ ఆసక్తికరం. పది వారాలపాటు కొందరికి పీచు ఎక్కువున్న తిండి, కొందరికి పులిసిన తిండి పెట్టారు. పేగులో జాతుల వైవిధ్యం పెరిగింది పులిసినవి తిన్నవాళ్ళలో. పీచు తిన్నవాళ్ళలో వైవిధ్యం మొత్తంమీద పెరగలేదు, పీచును విడగొట్టే ఎంజైములు మాత్రం పెరిగాయి. పల్లెటూరి కుండకు ఇలాంటి విభజన తెలియదు.

పీచును తలచుకుంటే ఈ సీమలో ఇంకొకటి చెప్పుకోవాలి. తూత్తుకుడి జిల్లా తాటిచెట్ల సీమ. సంక్రాంతి వేళకు తేగలు కట్టలు కట్టలుగా అమ్మకానికి వస్తాయి. ఉడికించిన తేగను నమిలినవాళ్ళకు పీచంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. పళ్ళ సందుల్లో ఇరుక్కునే ఆ నారలో మాత్రం బ్యాక్టీరియాకు పెద్దగా పనికొచ్చేది లేదు. నార చుట్టూ ఉన్న పిండిదే వాటికి లాభం.

కోవిల్‌పట్టిలో 1901 నుంచి ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రం మెట్టపంటల మీద దేశంలోని పాతవాటిలో ఒకటి. ‘కె’ అక్షరంతో పేరున్న జొన్న రకాలు అక్కడివే. వానాధారపు నేలలో నిలిచే గింజ కోసం సాగిన ఆ పని, తెలియకుండానే పీచున్న గింజను పొలంలో నిలబెట్టింది.

వెల్లూరులో తేలిన సంగతి

అరగని పిండి మందుగా పనికొస్తుందని మొట్టమొదట గట్టిగా చూపిన ప్రయోగాల్లో ఒకటి తమిళనాడులోనే జరిగింది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో బి.ఎస్. రామకృష్ణ బృందం, కలరాతో వచ్చిన 48 మంది రోగుల మీద చేసిన ప్రయోగాన్ని 2000లో ప్రచురించింది. మామూలు ఓఆర్ఎస్ కొందరికి, బియ్యప్పిండి కలిపింది కొందరికి, లీటరుకు 50 గ్రాముల అరగని మొక్కజొన్న పిండి కలిపింది కొందరికి ఇచ్చారు. మామూలు ద్రావణంతో విరేచనాలు కట్టడానికి సగటున 91 గంటలు పట్టింది. బియ్యప్పిండితో 71. అరగని పిండితో 57.

కారణం ఇది. కలరా విషం దెబ్బ చిన్నపేగు మీద పడుతుంది. నీరు అక్కడ ఊరి కిందికి వరదలా వస్తుంది. పెద్దపేగు మాత్రం పనిచేయగల స్థితిలోనే ఉంటుంది. అక్కడి బ్యాక్టీరియాకు పిండి దొరికితే చిన్న కొవ్వు ఆమ్లాలు చేస్తాయి, ఆ ఆమ్లాలను పీల్చుకునేటప్పుడు పేగు వాటితోపాటు ఉప్పును, ఉప్పు వెంట నీటిని లోపలికి లాగుకుంటుంది. మామూలు ఓఆర్ఎస్‌లోని గ్లూకోజు చిన్నపేగులోనే అయిపోతుంది, పెద్దపేగుకు ఏమీ మిగలదు. మన ఇళ్ళలో విరేచనాలకు గంజి, పచ్చి అరటికాయ పెట్టడం ఉంది. పచ్చి అరటికాయ మీద బంగ్లాదేశ్‌లో పిల్లలతో చేసిన ప్రయోగంలోనూ మేలే కనిపించింది. ఆ వైద్యం చేసిన పెద్దలకు ఇదంతా తెలియదు, కానీ వాళ్ళు తప్పు చేయలేదు.

కూడు మారితే

కంబు తినేవాళ్ళ పేగుల్లో ఏముంటుందో చూడటానికి కరిసల్ సీమకు దగ్గరి పోలిక ఆఫ్రికాలో ఉంది. 2010లో ఇటలీ శాస్త్రవేత్తలు బుర్కినా ఫాసోలోని బుల్పోన్ అనే పల్లె పిల్లలను, ఫ్లోరెన్స్ పిల్లలను పోల్చారు. ఆ పల్లె తిండి సజ్జ, జొన్న, అలసందలు. చేలో అదే పంట, గిన్నెలో అదే ముద్ద. ఫ్లోరెన్స్ పిల్లలకంటే పీచు దాదాపు రెట్టింపు తిన్న ఆ పిల్లల్లో ప్రివోటెల్లా, జైలానిబాక్టర్ అనే పీచు విడగొట్టే జాతులు పుష్కలంగా ఉన్నాయి, చిన్న కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. విరేచనాలు తెచ్చే షిగెల్లా, ఎషెరీషియా కుటుంబం తక్కువ. మనదేశంలో 2019లో భోపాల్, కేరళ వాసుల మీద వెలువడిన అధ్యయనంలోనూ, ధాన్యం, కూరగాయలే తినే భోపాల్ వాళ్ళలో ప్రివోటెల్లాదే రాజ్యం.

మార్పుకు తరాలు పట్టదు. 2015లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఇరవైమంది ఆఫ్రికన్ అమెరికన్లకు రెండు వారాలు దక్షిణాఫ్రికా పల్లె తిండి, ఇరవైమంది దక్షిణాఫ్రికా పల్లెవాసులకు అమెరికా తిండి పెట్టారు. పీచు రోజుకు 55 గ్రాములకు పెరిగిన మొదటివారిలో బ్యూటిరేట్ రెండున్నర రెట్లయింది. పీచు 12 గ్రాములకు పడిపోయిన రెండోవారిలో సగమైంది. అమెరికాకు వలసవెళ్ళిన ఆగ్నేయాసియా ప్రజల్లో ప్రివోటెల్లా తగ్గి బాక్టిరాయిడిస్ పైకి వస్తుందనీ, ఏళ్ళు గడిచేకొద్దీ, తరం మారేకొద్దీ అది ముదురుతుందనీ 2018లో ఇంకొక బృందం చూపింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డ తెలుగువారు ఆ ఫలితాన్ని తమకూ అన్వయించుకుని చదవొచ్చు.

కరిసల్ సీమవాళ్ళు అంత దూరం పోనక్కరలేకపోయింది. బియ్యమే ఊళ్ళోకి వచ్చింది. ఆంధ్రలో 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినట్టే, తమిళనాడులో చౌక బియ్యం వచ్చి, 2011 నుంచి ఉచితం అయింది. ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తప్పుపట్టేవాడికి ఆకలి తెలియదు. అయితే కంబు దంచడానికి పట్టే చాకిరీ ఆడవాళ్ళది. ఉచితంగా వచ్చే తెల్ల బియ్యం ముందు రోలు ఎక్కువకాలం నిలవలేదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినప్పుడు కంబు మళ్ళీ పేరుకెక్కింది. ఈసారి సంచి మీద బొమ్మతో, బియ్యాన్ని మించిన ధరతో.

గ్యాసు, హెచ్చుతగ్గులు

పీచు అన్నదల్లా ప్రీబయోటిక్ కాదు. ఇసబ్గోల్ మలబద్ధకానికి బాగా పనిచేస్తుంది కానీ బ్యాక్టీరియా దాన్ని పెద్దగా ముట్టుకోవు. అది నీటిని పట్టుకుని మలాన్ని మెత్తబరుస్తుంది, అంతే. గోధుమ తవుడు ముతక భాగమూ చాలావరకు అలాగే బయటపడుతుంది.

ఒకే మేత అందరిలో ఒకే ఫలితం ఇవ్వదు. అరగని పిండి తిన్నా, రూమినోకాకస్ బ్రోమీ వంటి మొదటి కొరుకుడు జాతి లేనివాళ్ళలో ఆ పిండి చాలావరకు అలాగే పోతుంది. విస్తరి వేసినా కూర్చునేవాడు ఉండాలి కదా. ఎలుకల్లో, పీచు తక్కువ తిండి కొన్ని తరాలు సాగితే కొన్ని జాతులు పూర్తిగా అంతరించి, తిరిగి పీచు పెట్టినా రాలేదని 2016లో తేలింది.

ఇనులిన్ వంటివి ఎక్కువ మోతాదులో ఒక్కసారి తింటే కడుపు ఉబ్బుతుంది, నొప్పీ రావొచ్చు. పేగు సున్నితంగా ఉండే ఐబీఎస్ రోగులకు వైద్యులు ఉల్లి, వెల్లుల్లి, పప్పులను కొంతకాలం తగ్గించమనడం దీనికే. మిగతావాళ్ళు కూడా బియ్యం నుంచి సజ్జకు ఒక్కరోజులో మారకుండా, వారాల మీద పెంచుకుంటే బ్యాక్టీరియా సర్దుకుంటాయి.

ఎండాకాలంలో కోవిల్‌పట్టి, విరుదునగర్ దారుల్లో కంబంకూళ్ బండ్లు ఇప్పుడూ కనిపిస్తాయి. కుండలోంచి గరిటెతో తీసి, మజ్జిగ కలిపి, చెంబులో పోసిస్తారు. పక్కన చిన్న ఉల్లి, వేయించిన ఊరమిరప, గోరుచిక్కుడు వడియం. ఆ గోరుచిక్కుడు ముదిరితే గింజలో జిగురు పుడుతుంది. గ్వార్ జిగురు అంటారు. దాన్ని ఎంజైముతో చిన్న ముక్కలుగా విరగ్గొట్టి, నీళ్ళలో కలిసే తెల్లపొడిగా చేసి, జపాను నుంచి అమెరికా దాకా ప్రీబయోటిక్ పేరుతో డబ్బాల్లో అమ్ముతున్నారు. ప్రపంచంలో ఆ గింజ అత్యధికంగా పండేది మనదేశంలోనే, రాజస్థాన్ మెట్టల్లో.